వెనక కాళ్లు

గుర్రం పొట్ట మళ్లీ చిరిగింది. కుట్టు దగ్గర కాదు, కుట్టు పక్కన. అంటే దారం గట్టిగానే ఉంది, గుడ్డే చీకిపోయిందన్నమాట. గుర్రమక్క దాన్ని ఒళ్లో వేసుకుని, లోపలివైపు నుంచి పాత దుప్పటి ముక్క ఆనించి, దబ్బనంతో అతుకు వేస్తోంది. దబ్బనం దిగినప్పుడల్లా సన్నటి ధూళి లేచి, పైరేకుల సందుల్లోంచి పడుతున్న ఎండలో కాసేపు తిరిగి, మళ్లీ ఆమె చేతుల మీదే వాలుతోంది.

ఆ షెడ్డు ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ. గోడల్లో చెమ్మ ఇంకా పోలేదు. ఎంత ఎండ కాసినా నేల అరికాలికి తడి తగిలినట్టే ఉంటుంది. ఒక చివర చెక్కల వేదిక, దాని ముందు వరసగా బల్లలు. వెనక గోడ నిండా ఎప్పటెప్పటి పిల్లలో వేసిన బొమ్మలు: ఏనుగులు, పడవలు, ఒంటికన్నా పొడుగు చేతులున్న మనిషి. సున్నం పెచ్చులూడినప్పుడల్లా వాటిలో ఏదో ఒకటి రాలుతుంది. ఊడ్చేటప్పుడు ఏనుగు చెవో, తెరచాప ముక్కో చేటలోకి వస్తుంది.

గుర్రమక్కకి యాభై దాటాయి. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. ఏళ్ల తరబడి గుర్రం తల మోయడం వల్ల మెడ కాస్త ముందుకి వంగిపోయింది. బజార్లో వెనక నుంచి చూసినవాళ్లు కూడా ఆ మెడని బట్టి ఆనవాలు పడతారు. బట్టల కొట్లో కూర్చుని వచ్చినవాళ్లకి పొడుగు తగ్గించడం, నడుం వదులు చేయడం ఆమె బతుకుతెరువు. వారానికొకసారి కొట్టుకి సెలవు. ఆ రోజు ఇక్కడ గుర్రం. పెళ్లి ఊసు రెండు మూడుసార్లు వచ్చి, దాని దారిన అది పోయింది. అసలు పేరేమిటో అద్దె గది యజమానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"అతుకు మీద అతుకు వేస్తున్నావు. ఇంకొన్నాళ్లు పోతే గుర్రం ఉండదు, అతుకులే మిగులుతాయి," అన్నాడు అన్నయ్య, తడిగుడ్డతో బల్లలు తుడుస్తూ.

అన్నయ్య ఆమెకి తోడబుట్టినవాడేం కాదు. ఇద్దరు దూరి ఆడించే ఆ నాటకాల గుర్రానికి తలా ముందు కాళ్లూ ఆమె, వెనక కాళ్లు ఆయన. తాటిచెట్టంత మనిషి, బట్టతల, చేతులు మాత్రం చేటలంత. ఒకప్పుడు అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. అది మూతపడ్డాక చిన్నా చితకా పనులన్నీ చేశాడు గానీ ఈ షెడ్డు మాత్రం వదల్లేదు. అంత పొడుగు మనిషి నడుం వంచుకుని గుర్రంలో దూరడమేమిటని మొదట్లో అందరూ నవ్వారు. ఆయన భార్య ఇప్పటికీ నవ్వుతుంది. ఒక్కసారైనా వచ్చి చూడమని గుర్రమక్క పిలిచినప్పుడల్లా, "గుర్రం వెనకభాగం చూడ్డానికి అంతదూరం రావాలా, ఇంట్లో రోజూ చూస్తున్నదేగా," అంటుంది.

"చెల్లాయ్, ఈసారి తిమింగలం చేద్దాం," అన్నాడు అన్నయ్య. "పొడుగ్గా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. లోపల చాలామంది పట్టాలి. వీధిలో పిల్లల్నే పెడదాం. లోపల పిల్లలుంటే చూడ్డానికి వాళ్ల అమ్మలొస్తారు, నాన్నలొస్తారు. ఒక్క తిమింగలంతో బల్లలు సగం నిండుతాయి. ఏమంటావు?"

గుర్రమక్క దారం కొన నోట్లో పెట్టుకుంది. నోట్లో దారం ఉంటే జవాబు చెప్పక్కర్లేదు.

వారం రోజులుగా ఆమె ఒక మాట చెప్పకుండా దాచుకుంటోంది. వేరే ఊళ్లో ఉండే చెల్లెలికి నడుం ఆపరేషనయింది. మొగుడు పోయినదగ్గర్నుంచి ఆ పిల్ల ఒక్కతే. "వచ్చెయ్యక్కా, ఇద్దరం కలిసి పడుందాం," అంటే ఈమె సరేనంది. రేపు పొద్దున్నే బస్సు. గదిలో సామాను మూటలు కట్టి ఉంది. కొట్లో చెప్పేసింది. ఇంటి యజమానికి చెప్పేసింది. అన్నయ్యకే చెప్పలేదు.

చెల్లెల్ని ఇక్కడికే తెచ్చుకోనూ వచ్చు. నిజం చెప్పాలంటే, ఖాళీ బల్లల్ని గుర్రం నోట్లోంచి చూసి చూసి ఆమె మనసు విరిగిపోయింది. అన్నయ్యకి ఆ బాధ లేదు. వెనక కాళ్లకి బల్లలు కనిపించవు. తల ఆమె నడుముకి ఆనించి, రెండు చేతులా ఆమె తోలుబెల్టు పట్టుకుని నడిచే మనిషికి కనిపించేవి వేదిక చెక్కలూ, ఆమె మడమలూ. ఆమె ఎడమ మడమ నేలకి కొడితే ఆగాలి, కుడి మడమ కొడితే తిరగాలి. జనం వచ్చారో రాలేదో చెవులతో తెలుసుకోవాలి. ఎవరో ఇద్దరు పిల్లలు గట్టిగా నవ్వినా ఆయనకి పండగే.

ఆమె మొదటిసారి ఈ షెడ్డుకి వచ్చింది తెర కుట్టి ఇవ్వడానికి. అప్పటికి ఓణీ వేసుకునే వయసు. నాటకాలు ఆడించే మాస్టారు తెర చూడ్డం మానేసి ఆమె భుజాలు చూశాడు. "అమ్మాయ్, ఒక్కసారి ఈ తల పెట్టుకుని నిలబడు," అన్నాడు. నిలబడింది. ఇంక దిగలేదు.

ఆ రోజుల్లో బల్లల్లేవు. పిల్లలు గోనెసంచుల మీద కూర్చునేవారు. వాళ్లని తీసుకుపోవడానికి వచ్చిన తల్లులు మొదట గుమ్మం బయట నిలబడ్డారు, తర్వాత గుమ్మంలో, ఆ తర్వాత లోపలికొచ్చి కూర్చున్నారు. వడ్రంగి తన కొడుకు కింద కూర్చుంటున్నాడని ఒక బల్ల చేసి తెచ్చాడు. పక్కవాడు ఊరుకుంటాడా, ఇంకొకటి చేయించాడు. మంగలి కొట్టు నుంచి గుర్రం తోకకి జుట్టొచ్చింది. నాటకం అయిపోయాక కూడా పిల్లలు కదిలేవారు కాదు. గోడల మీద బొమ్మలు వేసేవారు, కిరీటాలు పెట్టుకుని కొట్టుకునేవారు. పెద్దవాళ్లు అక్కడే కూర్చుని సంబంధాలు మాట్లాడుకునేవారు, తగవులు తీర్చుకునేవారు. మాస్టారు గుమ్మంలో నిలబడి చూస్తూ, "నాటకం సాకు మాత్రమే. కావలసింది ఇదీ," అనేవాడు.

తర్వాత ఫ్యాక్టరీ కార్మికుల ఇళ్లు పడగొట్టారు. ఎక్కడివాళ్లు అక్కడికి పోయారు. వాటి చోట లేచిన మేడల్లో పిల్లలున్నారు గానీ కిందికి దిగరు. మాస్టారు మంచాన పడ్డాడు, పోయాడు. ఒక్కొక్కరే తగ్గి చివరికి ముగ్గురు మిగిలారు. గుర్రంలో ఇద్దరు, బయట ఒకడు. ఆ ఒకడు బీమా ఆఫీసు గుమాస్తా. రాజు వేషం వేస్తాడు కాబట్టి అందరూ కిరీటం అంటారు.

"పద, బడికెళ్లి పిల్లల్ని తీసుకొద్దాం. ఒంటిపూటేగా, వదిలేస్తారు," అని అన్నయ్య డోలు భుజాన తగిలించుకున్నాడు. రెండు తరగతుల పిల్లల్ని పంపుతానని హెడ్మిస్ట్రెస్ పోయినవారం మాటిచ్చింది. అప్పట్నుంచీ ఆయన కాలు ఒకచోట నిలవలేదు.

హెడ్మిస్ట్రెస్ ఈ షెడ్డులో గోనెసంచి మీద కూర్చుని పెరిగిన పిల్లే. వాళ్లని చూడగానే కుర్చీలోంచి లేచింది, మంచినీళ్లు తెప్పించింది. కానీ ఆమె మొహం చూడగానే గుర్రమక్కకి సంగతి అర్థమైంది.

"బాబాయ్, ఏమీ అనుకోకండి. ఈసారి కుదరదు," అంది.

"ఎండ అనా? గొడుగులు తెస్తాం."

"ఎండ కాదు బాబాయ్. పోయినసారి ఒక పిల్లాడు బల్ల మీంచి పడ్డాడుగా. వాళ్లమ్మ పైవాళ్లకి రాసింది. ఇప్పుడు గేటు దాటించాలంటే ప్రతి తల్లీ సంతకం పెట్టాలి. అడిగాను. సగంమంది పెట్టలేదు. మిగతా సగం ఎవరూ వెళ్లకపోతే మా వాడెందుకన్నారు."

"బల్లలు తీసేస్తాం అమ్మా. కింద చాపలేస్తాం."

ఆమె నవ్వబోయి మానేసింది. "నాకిప్పటికీ గుర్తే బాబాయ్. గుర్రాన్ని అమ్మొద్దని అరిచి అరిచి గొంతు పోయేది. ఇంటికెళ్తే అమ్మ తిట్టేది." నీళ్ల గ్లాసు వాళ్ల ముందుకి జరిపి, "నేనిక్కడ ఉన్నందుకైనా పంపించాలి. నా చేతుల్లో లేదు," అంది.

అన్నయ్య తలూపి లేచాడు. గేటు బయటికొచ్చాక అరుగు మీద కూలబడ్డాడు. ఎడమచేతి కణుపుల్ని కుడిచేత్తో పిసుక్కుంటూ ఊపిరి తీసుకుంటున్నాడు. పెదవుల చుట్టూ తెల్లగా పాలిపోయింది.

"ఏమైందన్నయ్యా?"

"ఏం లేదు. పొద్దున తిన్నది అరగలేదు."

ఇప్పుడు చెబుదామా అనుకుంది. రేపట్నుంచి నేను ఉండను, ఈ తిరుగుళ్లన్నీ మానెయ్యి అన్నయ్యా అందామనుకుంది. నోరు తెరిచేలోపు ఆయన లేచి డోలు సర్దుకున్నాడు.

"మేడల వెనక సందులో పిల్లలుంటారు. అటు పోదాం పద."

డోలు మోగింది. కిటికీలు ఒకటి రెండు తెరుచుకుని మూసుకున్నాయి. "ఈ పూట నాటకం, అందరూ పిల్లల్ని తీసుకురండి, గుర్రముంది, రాజున్నాడు," అని అన్నయ్య గొంతెత్తి పిలుస్తుంటే పైనుంచి ఎవరో, బిడ్డ నిద్రపోతోంది ఆపమన్నారు. ఆపేశాడు. చేతి సంచీతో ఎదురొచ్చిన ఒకావిడ మాత్రం నిలబడి అడిగింది.

"ఎంతసేపుంటుంది?"

"గంట పడుతుందమ్మా."

"నేను బజారుకెళ్లి రావాలి. అందాకా వీళ్లిద్దర్నీ ఉంచుకుంటారా?"

"ఎంతసేపైనా ఉంచుకుంటాం తల్లీ," అన్నాడు అన్నయ్య, చేతులు రెండూ చాపి.

మధ్యాహ్నానికి షెడ్డులో ఆ ఇద్దరు, ఎక్కడినుంచో వచ్చిన ఇంకో ముగ్గురు నలుగురు పోగయ్యారు. అందరూ వెనక బల్ల మీద, ఒకళ్లకొకళ్లు దూరంగా కూర్చున్నారు. కిరీటం తెర పక్కనుంచి తొంగి చూసి పెదవి విరిచాడు.

"మొదలుపెట్టేద్దాం అక్కా. నాకు ఆరింటికి పనుంది."

గుర్రమక్క గుర్రం తల ఎత్తి భుజాల మీద పెట్టుకుంది. లోపల జిగురు వాసన, పాత చెమట వాసన, ఎన్ని అతుకులు వేసినా పోని గోనె వాసన. వెనక నుంచి అన్నయ్య బెల్టు పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకున్నట్టే రెండు వేళ్లు లోపలికి, బొటనవేలు బయటికి. ఆయన నుదురు ఆమె నడుం మీద ఆనింది. బట్టలోంచి కూడా వేడిగా తగిలింది.

"ఎంతమందున్నారు?" అని గుసగుసగా అడిగాడు.

"ఉన్నార్లే, ఫరవాలేదు," అంది.

ఆ నాటకం మాస్టారు రాసిందే. రాజు దగ్గర ముసలి గుర్రం ఒకటి ఉంటుంది. అది పరిగెత్తలేదు, బండి లాగలేదు, తినడం మాత్రం తింటుంది. దాన్ని అమ్మేయమంటారు మంత్రులు. గుర్రానికి మాటలు రావు. అందుకని రాజు పిల్లల వైపు తిరిగి, అమ్మెయ్యనా అని అడుగుతాడు. షెడ్డు మొత్తం వద్దని అరుస్తుంది. అరిచినకొద్దీ గుర్రం ఒక్కొక్క అడుగూ ఎగురుతుంది. గుర్రంలో ఉన్నవాళ్లు ఏం జరిగినా గొంతు ఎత్తకూడదని మాస్టారు కట్టడి చేశాడు. దానికి గొంతు పిల్లలే ఇవ్వాలి, మీరిచ్చారంటే వాళ్లు ఇంటికి పోతారు అనేవాడు.

కాళ్లు కనిపిస్తున్నాయనీ, లోపల మనుషులున్నారనీ కనిపెట్టే పిల్లాడు ప్రతిసారీ ఒకడు ఉండేవాడు. వాడు ఆ మాట పైకి అనగానే చుట్టుపక్కల పిల్లలంతా వాడి నోరు మూసేవారు. "ఊరుకోరా, దానికి వినబడుతుంది," అనేవారు. ఒకసారి ఒక చిన్న పిల్లయితే పరిగెత్తుకొచ్చి గుర్రం చెవులు రెండూ చేతులతో మూసింది. గుర్రమక్క ఆ చేతుల్ని గుర్రం నోట్లోంచి చూసింది. ఆ రాత్రి అన్నయ్యకి ఆ సంగతి చెబితే, రెండు మూడుసార్లు మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

కిరీటం ముందుకొచ్చి రెండు చేతులూ చాపాడు. "చెప్పండి పిల్లలూ. ఈ గుర్రాన్ని అమ్మెయ్యనా?"

బల్ల మీద ఎవరో కాళ్లూపుతున్న చప్పుడు మాత్రం వస్తోంది.

"అమ్మెయ్యనా?"

"అది గుర్రం కాదు," అన్నాడు ఒక పిల్లాడు, విసుగ్గా కూడా కాదు, మామూలుగా. "లోపల ఇద్దరున్నారు. కాళ్లు కనిపిస్తున్నాయి."

గుర్రమక్క గుర్రం నోట్లోంచి చూస్తూనే ఉంది. పక్కనున్న పిల్ల వాడి వైపు తిరగలేదు. అవతలి పక్కవాడు వాడి భుజం గుంజలేదు. ఒకడు గోడ మీద రాలుతున్న పెచ్చుని గోటితో గీకుతున్నాడు. ఊరుకోరా అన్నవాళ్లు లేరు. ఆ ఇద్దరు తప్ప మిగతావాళ్లు ఒకళ్లకొకళ్లు తెలియదు కూడా.

కిరీటం ఆమె వైపు చూశాడు, ఏం చెయ్యాలన్నట్టు. అప్పుడు వెనక నుంచి, ఆమె నడుం దగ్గర, చాలా మెల్లగా ఒక మాట వినబడింది.

"వద్దు."

అన్నయ్య గొంతు. ఇన్నేళ్లలో గుర్రం కడుపులోంచి, నాటకం నడుస్తుండగా, ఆయన నోరెత్తడం అదే మొదలు. అది బల్లల దాకా పోలేదు. వేదిక అంచు దాకా కూడా పోలేదు. కిరీటానికి కూడా వినబడలేదు. వినబడిందల్లా ఆమెకే.

ఆమె ఒక అడుగు ఎగిరింది. వెనక కాళ్లు ఎగరలేదు, ఈడ్చుకుంటూ వచ్చాయి. కిరీటం మిగిలిన నాలుగు మాటలూ గబగబా అప్పజెప్పేసి, గుర్రాన్ని అమ్మనని ప్రకటించేసి, నెత్తి మీది కిరీటం తీసి వంగాడు. బజారు నుంచి వచ్చిన తల్లి గుమ్మంలో నిలబడి పిల్లల్ని పిలిచింది. వాళ్లు లేచి పరిగెత్తారు. మిగతావాళ్లు వాళ్ల వెనకే పోయారు.

తెర పక్కకి వచ్చేసరికి అన్నయ్య తల బరువంతా ఆమె నడుం మీదే ఉంది. ఆమె మెల్లగా ముందుకి జరిగి గుర్రం తల దించింది. ఆయన గుర్రం వెనకభాగం తీయకుండానే గోడకి చేరగిలబడి చాప మీద కూర్చున్నాడు. మొహం నిండా చెమట.

"కాసేపు ఇలా ఉంటాను చెల్లాయ్."

"ఉండు. నీళ్లు తెస్తా."

ఆమె నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. కిరీటం బట్టలు మార్చుకుని వెళ్లిపోయాడు. ఆమె గుర్రం తలని గుడ్డతో తుడుస్తూ, ఆయన వైపు చూడకుండా, ఇక ఆగకూడదని మొదలుపెట్టింది.

"అన్నయ్యా, నీకో మాట చెప్పాలి. కోప్పడకు. చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నా. దానికి నడుం బాగాలేదు. అదొక్కటే కాదులే... నాకూ ఓపిక లేదు. ఎవరికోసం అన్నయ్యా ఇదంతా? నీకు కనబడదు గానీ నేను ప్రతిసారీ చూస్తున్నాను. ఎవరూ లేరు. నువ్వు అడిగినప్పుడల్లా ఉన్నారనే చెబుతున్నా. చాలాసార్లు లేరు. ఇవాళ కూడా సరిగ్గా లేరు. తిమింగలం అంటావు, దాని కడుపులోకి పిల్లల్ని ఎక్కణ్ణుంచి తెస్తావు? నామీద ఒట్టు, నువ్వు కూడా మానెయ్యి. వదినతో ఇంట్లో హాయిగా ఉండు."

చెప్పేశాక గుండె తేలికైంది. తిట్టినా పడదామని తిరిగి చూసింది. ఆయన కళ్లు సగం మూసి ఉన్నాయి. చేతులు రెండూ ఒళ్లో, బెల్టు పట్టుకున్నట్టే వేళ్లు వంచి ఉన్నాయి. నీళ్లు ముట్టుకోలేదు.

"అన్నయ్యా."

దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత చెంప మీద వేసింది. చాలాసేపు అలాగే ఉంచింది. తను చెప్పినదాంట్లో ఆయన ఎంతవరకు విన్నాడో, అసలు ఒక్క మాటైనా విన్నాడో ఆమెకి తెలియలేదు.

కబురు పెడితే వీధి చివరుండే డాక్టరు వచ్చాడు. ఒంటి మీద ఉన్నవన్నీ వదులు చెయ్యమన్నాడు. గుర్రమక్క కూర్చుని ఒక్కొక్క ముడీ విప్పింది, వెనకభాగం తీసి పక్కన పెట్టింది, కాళ్లకి కట్టినవి విప్పింది. డాక్టరు చూసి, పోయి కొంతసేపయిందని చెప్పి వెళ్లిపోయాడు.

వదిన వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆవిడ ఏడవలేదు. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, ఆయన పక్కన కాసేపు కూర్చుని చెంగుతో మొహం తుడిచింది. తర్వాత ముందు బల్ల మీదికి వచ్చి కూర్చుంది. షెడ్డు నలుమూలలా చూసింది. పైరేకులు, గోడ మీద బొమ్మలు, ఖాళీ బల్లలు.

"ఇదేనా," అంది.

"ఇదే వదినా."

"చాలా పెద్దదని చెప్పేవాడు."

ఆయన్ని తీసుకెళ్లడానికి బండి కోసం మనిషి వెళ్లాడు. ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. కొంతసేపటికి వదిన ఆమె వైపు తిరక్కుండానే అడిగింది.

"రేపు నీ బస్సు ఎన్నింటికి?"

"నీకెవరు చెప్పారు?" అంది గుర్రమక్క.

"ఇంకెవరు, ఆయనే. మీ బట్టలకొట్టు ఆసామి అన్నాట్ట. నేనడగనా అంటే, వద్దు, తనే చెబుతుందిలే అన్నాడు. పొద్దున వచ్చేటప్పుడు కూడా, ఇవాళ చెబుతుందేమో అనుకుంటూ వచ్చాడు."

బండి వచ్చింది. నలుగురు కలిసి ఆయన్ని ఎత్తారు. అంత పొడుగు మనిషి బండిలో పట్టడానికి కాళ్లు కాస్త వంచాల్సి వచ్చింది.

గుర్రమక్క ఆ మర్నాడు వెళ్లలేదు గానీ, కొద్దిరోజుల తర్వాత వెళ్లింది. బస్సు కిటికీ పక్క సీటు దొరికింది. షెడ్డు ఉన్న వీధి వచ్చినప్పుడు కళ్లు మూసుకుంది. కిరీటం మళ్లీ ఆ వైపు రాలేదు. షెడ్డుని ఎవరో సిమెంటు బస్తాలు దించుకోవడానికి తీసుకున్నారు. గుర్రాన్ని చుట్టచుట్టి వాళ్లు పాతబట్టల వాడికిస్తే, అతుకులు చూసి వాడు కూడా వద్దన్నాడు. ఆయనవనిపించినవన్నీ వదిన ముందే పట్టుకుపోయింది: చొక్కా, కళ్లజోడు, డోలు.

చెక్కల మీద ఒరుసుకోకుండా ఆయన గుర్రంలో కట్టుకునే మోకాలి మెత్తలు మాత్రం ఎవరి కంటా పడలేదు. డాక్టరు చూస్తుండగా ఆ సాయంత్రం గుర్రమక్కే వాటిని విప్పింది. విప్పి, ఎప్పటి అలవాటు కొద్దీ, ఆరడానికి వెనక కిటికీ ఊచకి వేలాడదీసింది. ఏళ్ల చెమటకి నానీ ఆరీ గట్టిపడిపోయిన ఆ రెండు గుడ్డ మెత్తలు, లోపల కాళ్లేమీ లేకపోయినా, వంగిన మోకాళ్ల ఆకారంలోనే ఉబ్బి ఉన్నాయి.